మూల తెగిన కార్డు

దుప్పటి అడుగున పెట్టి, దాని మీద రెండు చొక్కాలూ రెండు లుంగీలూ సర్దాక పున్నమ్మ చెయ్యి ఆగిపోయింది. గోంగూర పచ్చడి సీసాలు రెండున్నాయి. ఒకటి ఇవాళ బయల్దేరుతున్న చిన్నకొడుకు స్తెఫనుకి. రెండోది పదిహేను నెలల కిందట క్వారీ పనికి వెళ్ళిన పెద్దకొడుకు ఆశీర్వాదానికి.

“పెద్దోడిది పైన పెడతా. దిగీ దిగంగానే చేతికియ్యాలిగా,” అంది తనలో తనే.

గుమ్మం పక్క అరుగు మీద కూర్చున్న దేవమణి ఆ మాట వింది. ఎవరైనా సంచి సర్దుతుంటే ఆమె చూడలేకపోతుంది. అలాగని చూపు తిప్పుకోనూ లేదు. ఎప్పుడో అరవై రెండులో తన చేతులతో ఓ సంచి సర్ది మొగుణ్ణి రైలెక్కించింది. అతను తిరిగి రాలేదు. ఆ సంచిలో ఏది ఏ వరసలో పెట్టిందో ఈనాటికీ తప్పు లేకుండా చెప్పగలదు. మొగుడి మొహం మాత్రం అంత గట్టిగా గుర్తు లేదు.

దేవమణికి యాభై ఆరేళ్లు. మిషన్ ఆస్పత్రి రికార్డు గదిలో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు నందిగామలో వెంకటరత్నం ప్లీడరు గారి కేసులకు కూపీలు లాగి పెడుతోంది. ఆడమనిషి డిటెక్టివేంటని కోర్టు గుమాస్తాలు మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఆమె ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నారు.

“ఆ కార్డు ఒక్కసారి ఇయ్యి నాయనా,” అంది స్తెఫనుతో.

జగ్గయ్యపేటలో ఆ ఇంటికి శనివారం అందిన కార్డది. ఇవాళ సోమవారం, 1981 నవంబరు పదహారు. పొద్దున్న ఏడున్నర.

స్తెఫను ఇష్టం లేకుండానే ఇచ్చాడు. ఇరవై రెండేళ్లవాడు. కొత్త చొక్కా మడతలు ఇంకా పోలేదు. “ఎన్నిసార్లు చూస్తారు పెద్దమ్మా? అన్నే రమ్మని రాశాడు. మధ్యలో మీకేంటంట?”

దేవమణి కళ్ళజోడు సర్దుకుని చదివింది. ప్రభువు నామమున వందనములు. ఇక్కడ నీళ్లు కొబ్బరినీళ్లల్లే ఉన్నాయి. నా దిగులు పెట్టుకుని కూడు మానకండి. తమ్ముణ్ణి పంపండి, దగ్గరుండి పని చూపిస్తా.

ఆమె తన సంచిలోంచి ఓ మూల కోసి ఉన్న అట్టకార్డు తీసింది. దాని నాలుగంచుల పొడుగునా వరసగా చిల్లులున్నాయి. ఉత్తరాన్ని దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి, వెనక తేదీ వేసి, చిన్న కత్తెర తీసుకుని పై అంచున మూడు చిల్లుల్ని అంచుదాకా కత్తిరించింది.

పున్నమ్మ సర్దడం మానేసి చూస్తోంది. “దేవమణమ్మా, దానికి ఆ మూల ఎందుకు కోశావు?”

“అన్ని కార్డులూ ఒకేవైపు తిరిగి ఉండాలిగా. కుప్పలో ఒకటి తిరగబడితే మూల చూసి కనిపెడతాం. ఆస్పత్రిలో అలవాటు.”

“ఏ అలవాటో! మూల తెగిన కార్డు ఇంట్లోకి తేకు తల్లీ. నీకు దణ్ణం పెడతా.”

దేవమణి నాలిక కరుచుకుంది. చావు కబురు రాసిన కార్డుకి మూల చించి పంపడం ఆ ఊళ్ళ రివాజు. అది గుమ్మం దాటి లోపలికి రాకూడదు. బయటే చదివించుకుని బయటే చింపెయ్యాలి. హిందువుల ఇళ్లలో ఎలాగో, క్రైస్తవుల ఇళ్లలోనూ అలాగే. ఆమె కార్డుని గబుక్కున సంచిలోకి తోసేసింది.

“లారీ ఎన్నింటికి?”

“అయిదింటికి. కోదాడ రోడ్డు మీద టీకొట్టు దగ్గరికి రమ్మన్నాడు సాంబయ్య మేస్త్రి,” అన్నాడు స్తెఫను. “అయిదు దాటితే నేనాగను పెద్దమ్మా. ముందే చెబుతున్నా.”

“ఆ అయిదు దాకా నాకియ్యి చాలు.”

“ఇచ్చి?”

దేవమణి లేచి చెప్పులు వేసుకుంది. “నువ్వు ఎవరి దగ్గరికి వెళ్తున్నావో తెలుసుకుని వస్తా.”

*

నందిగామలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు భవానీప్రసాద్ గదికి ఆమె చేరేసరికి పదీ ఇరవై. బల్ల మీద అసలు పోస్టుకార్డులు గుట్టలుగా ఉన్నాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు చెరో పక్కా కూర్చుని ఒక్కో కార్డూ గొణుక్కుంటూ చదువుతున్నారు. ఒకడు అప్పటికే కునికిపాట్లు పడుతున్నాడు.

“రండి దేవమణి గారూ, మీ ధర్మమా అని మా స్టేషను పోస్టాఫీసైపోయింది,” అన్నాడు భవానీప్రసాద్. నలభై ఏళ్ల మనిషి. చొక్కా ఇస్త్రీ చెడదు, మీసం కొస వంగదు. “మూడు రోజుల్నించీ చదివిస్తున్నా. నూట ముప్పై అయినాయి. ఏం తేలింది? ఏం తేలలా.”

ప్లీడరు గారి ద్వారా ఫిర్యాదు చేసింది ప్రమీలారాణి అనే నందిగామ మనిషి. ఆమె భర్త వీరరాఘవయ్య కూడా సాంబయ్య పంపిన పంతొమ్మిది మందిలో ఒకడు. రెండేళ్ల ఒప్పందం మీద ఎక్కడో నర్మద అవతల రాతి క్వారీకి వెళ్ళాడు. ఏప్రిల్లో ఇక్కడ అతని తండ్రి పోయాడు. చావు కబురు కార్డు పంపించారు. కొడుకు రాలేదు సరికదా, మే నెలలో ఓ కార్డు రాశాడు. నాన్నగారికి నమస్కారాలు, మోకాళ్ల నొప్పి ఎలా ఉందని. ఆనాటి నుంచి ప్రమీలారాణి మొగుడికి ఉత్తరం రాయడం మానేసింది. మొగుడు మాత్రం నెలనెలా రాస్తూనే ఉన్నాడు.

“ఆ చావు కార్డు దారిలో పోయి ఉంటుంది,” అన్నాడు భవానీప్రసాద్. “క్వారీ దగ్గర పోస్టాఫీసు లేదు. ఇక్కడి ఉత్తరాలు సాంబయ్య ఇంట్లో ఇస్తారు, లారీలో వెళ్తాయి. అక్కడివి లారీలో వచ్చి కంచికచర్లలో పోస్టవుతాయి. అందుకే అన్నిటి మీదా కంచికచర్ల ముద్రే. ఒక కార్డు పోయిందని మేస్త్రిని లోపలెయ్యమంటారా?”

“చేతిరాత?”

“చదువు రానివాళ్లు, ఎవరో ఒకళ్లతో రాయించుకుంటారు. ఇహ మాటలంటారా? ఆ కొబ్బరినీళ్ల మాట డెబ్భై కార్డుల్లో ఉంది. దిగులు, కూడు అనేది ఎనభైలో ఉంది. మనిషిని పంపండి అన్నది ఇంకో డెబ్భైలో ఉంది. మొన్న సెలవు మీద వచ్చి వెళ్ళిన ఇద్దరి కార్డుల్లోనూ ఉన్నాయవి. వాళ్లేమన్నా దెయ్యాలా? ఇక్కడే టీ తాగి వెళ్లారు.”

“మిగతావాళ్ల గురించి ఏమన్నారు?”

“వాళ్లది వేరే క్వారీ, కలుసుకోలేదన్నారు.”

దేవమణి తన సంచిలోంచి అట్టకార్డుల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. పోలీసులు అడగకముందే పంతొమ్మిది ఇళ్లూ తిరిగి ఎక్కించుకున్న నకళ్లు. పొద్దుటిదానితో కలిపి రెండువందల పద్నాలుగు. తర్వాత ఓ గుడ్డ విప్పింది. అందులో జానెడు పొడుగున మూడు దబ్బనాలు.

భవానీప్రసాద్ పకపకా నవ్వాడు. “ఏంటండీ, మిరపకాయల టిక్కీలు కుట్టడానికి వెళ్తున్నారా?”

“మీవాళ్లు ఒక్కో కార్డూ చదువుతున్నారు, ఒక్కో మాటా వెతుకుతున్నారు. రెండో మాటకి మళ్లీ మొదటి కార్డు దగ్గర్నించి మొదలెడతారు. సాయంత్రం అయిదింటికి ఇంకో లారీ వెళ్తోంది సీఐ గారూ. అంత పొద్దు మనకి లేదు.” ఆమె కట్టని నాలుగు వైపులా తట్టి, కోసిన మూలలన్నీ ఒక్క దగ్గరికి తెచ్చింది. “ఒక్కో చిల్లుకి ఒక్కో మాట. మూడోది కొబ్బరినీళ్లు. ఏడోది దిగులు. పన్నెండోది మనిషిని పంపమనడం. ఉత్తరంలో ఆ మాటుంటే చిల్లుని అంచుదాకా కోశా. లేకపోతే చిల్లు చిల్లుగానే ఉంటుంది.”

మూడో చిల్లులో దబ్బనం గుచ్చి కట్టని పైకెత్తి దులిపింది. బలబలా వందకి పైగా కార్డులు బల్ల మీద రాలాయి. మిగతావి దబ్బనానికి వేలాడాయి.

“కోసినవాటిని దబ్బనం పట్టుకోలేదు. అంతే కిటుకు.”

“నేను చెప్పిందేగా! అందరూ రాశారు ఆ మాట.”

“అందరూ రాశారు. మూడు మాటల్లో ఏదో ఒకటి ఎవరు రాశారని అడిగితే ఊరంతా చెయ్యెత్తుతుంది. మూడూ కలిపి ఒకే కార్డులో ఎవరు రాశారని అడగాలి.” ఆమె కార్డులన్నీ మళ్లీ ఏరి, కలిపి, సరిచేసింది. ఈసారి మూడు చిల్లుల్లోనూ మూడు దబ్బనాలు గుచ్చింది. “ఏ ఒక్క మాట లేకపోయినా ఏదో ఒక దబ్బనం పట్టుకుంటుంది. మూడూ ఉన్నవే రాలతాయి.”

ఎత్తింది. దులిపింది.

రాలినవి యాభై ఎనిమిది. కునికిపాట్ల కానిస్టేబులు కూడా కళ్లు తెరిచాడు.

“వెనక తేదీలు చదవండి.”

భవానీప్రసాద్ ఒకటొకటే తిరగేశాడు. “మార్చి రెండు... మార్చి తొమ్మిది... ఏప్రిల్ మూడు... జూన్...”

“ఫిబ్రవరిది ఒక్కటుందా?”

అతను మళ్లీ చూశాడు. లేదు.

“ఎంతమంది మనుషులు?”

లెక్కపెట్టాడు. “ఎనిమిది మంది.”

“ఈ ఎనిమిది మందీ ఫిబ్రవరి పదిహేను దాకా రాసిన కార్డులు ఇవిగో, దబ్బనాలకే ఉన్నాయి. ఒక్కటీ రాల్లేదు. మీ దగ్గర టీ తాగి వెళ్లినవాళ్లవీ రాల్లేదు. పదకొండు మంది ఎప్పట్లాగే రాస్తున్నారు. ఎనిమిది మంది మాత్రం మార్చి నుంచి ఒకే పాఠం అప్పజెబుతున్నారు. ఎనిమిది మందికీ ఒక్కసారిగా ఒకే బుద్ధి పుట్టదు సీఐ గారూ. వాళ్ల తరఫున ఇంకెవరో రాస్తున్నారు.”

భవానీప్రసాద్ మీసం కొస ఒకసారి వంగింది. అంతలోనే అతని కళ్లు ఓ కార్డు మీద ఆగాయి. అది ఎత్తి పట్టుకున్నాడు. నెమ్మదిగా నవ్వు తిరిగొచ్చింది.

“ఈ పేరు చూశారా? సుబ్బరాయుడు, చందర్లపాడు. ఎవరో తెలుసా ఈయన?”

“ముసలి తల్లి ఒక్కతే ఉంటుంది. కార్డులు ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఇవ్వడానికి ఏడ్చింది.”

“ఆ ముసలమ్మ సాంబయ్యకి అత్తగారు. సుబ్బరాయుడు సొంత బావమరిది! పెళ్లాం తమ్ముణ్ణి చంపుకుని, అత్తగారికి దొంగ ఉత్తరాలు రాయిస్తాడా ఎవడన్నా?” కార్డు బల్ల మీద పడేశాడు. “మీ దబ్బనం ఏడుగురిని రాల్చి ఊరుకుంటే నేనూ భయపడేవాణ్ణి. ఎనిమిదో వాణ్ణి రాల్చి మీ పరువు తీసింది. ఎక్కడో కత్తెర జారింది లెండి. వయసు మీద పడుతోందిగా.”

దేవమణికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. కత్తెర జారిందా? ఆ ముసలమ్మ ఇంట్లో దీపం మసకగా ఉన్న మాట నిజమే. రాలినవాటిలోంచి సుబ్బరాయుడి కార్డులు ఏడూ తీసి ఒక్కొక్కటే చదువుకుంది. మూడు మాటలూ ఉన్నాయి. ఏడింటిలోనూ ఉన్నాయి.

“లారీని ఆపండి. ఒక్కరోజు,” అంది.

“ఆపాలంటే నాకో ఆధారం కావాలి. దబ్బనం పనికిరాదు. అయిదు లోపల తెస్తే ఆపుతా. తేలేకపోతే మీ ప్లీడరు గారికి చెప్పండి, ఎస్పీ గారికి అర్జీలు పెట్టడం మానెయ్యమని.”

ఆమె కార్డులు సర్దుకుంది. అప్పటికి పదకొండూ పది.

*

కంచికచర్లలో బస్సు దిగేసరికి పన్నెండున్నర. దారంతా ఆమెకి ఒకటే గుబులు. తప్పు తనదైతే ఓ కుర్రాడి బతుకుదెరువు చెడగొట్టినట్టు. తప్పు తనది కాకపోతే...

సాంబయ్య ఇంటి వసారాలో అతని భార్య రాఘవమ్మ కందులు చెరుగుతోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. మనిషి పచ్చగా, పొందిగ్గా ఉంది, కళ్ల కింద మాత్రం నల్లగా గుంటలు పడ్డాయి.

“మేస్త్రి గారు లేరండి. జగ్గయ్యపేట వెళ్లారు, లారీ పనుంది,” అంది లేవకుండానే.

“మీతోనేనమ్మా పని. ప్లీడరు గారు పంపారు. చందర్లపాడులో మీ అమ్మగారిని చూసొచ్చా. మీ తమ్ముడు బాగున్నాడంటగా?”

చేట ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. “ఆఁ, బాగున్నాడండి. రాస్తానే ఉంటాడు.”

“ఈసారి లారీలో మీరూ ఓ ఉత్తరం పంపుతున్నారా?”

“ఎందుకూ... వాడే రాస్తాడుగా.”

అక్క తమ్ముడికి రాయదన్నమాట. దేవమణి ఆ మాటని మనసులో ముడి వేసుకుంది. మాట్లాడుతూనే వసారా అంతా కలయజూసింది. దూలానికి ఓ ఇనప తీగ వేలాడుతోంది. కొస కొక్కెంలా వంచి ఉంది. వచ్చిన ఉత్తరాల్ని ఆ తీగకి గుచ్చుకోవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. కానీ ఈ తీగకి గుచ్చినవి బెత్తెడు మందాన ఉన్నాయి. ఇద్దరే మనుషులున్న ఇంటికి ఇన్ని ఉత్తరాలా?

“పన్నెండు మైళ్లు నిలబడి వచ్చానమ్మా, కాస్త మంచినీళ్లిస్తారా?” అంటూ ఆమె చేతిలోని కార్డుల కట్టని గుమ్మం మీద ఆనించబోయింది.

“అయ్యో, అక్కడొద్దు!” రాఘవమ్మ చేట వదిలేసి లేచింది. కందులు చెల్లాచెదురయ్యాయి. “మూల తెగినవి గుమ్మం మీదెట్టకండి. బయట పెట్టండి, బయట!”

దేవమణి చెయ్యి గాల్లోనే ఆగింది. అయిదు నెలలుగా విడని ముడి ఆ ఒక్క కేకతో జారిపోయింది. ప్రమీలారాణి పంపిన చావు కార్డు దారిలో పోలేదు. దారి పట్టనే లేదు.

“అలాగేనమ్మా. అవును, ఏప్రిల్లో కూడా ఒకటి వచ్చిందిగా మీ ఇంటికి, మూల చించింది? నందిగామ నుంచి?”

“వచ్చింది. వాకిట్లోనే చింపి పారేశా.”

“చదివారా?”

“చదవలేదు. మూల చూసి చింపేశా. పరాయివాళ్ల చావు మనింట్లోకెందుకని...”

అని, ఆగిపోయింది. తను ఏం చెప్పిందో అప్పుడర్థమైంది ఆమెకి.

“అది క్వారీలో ఉన్న వీరరాఘవయ్యకి రాసిన కార్డు రాఘవమ్మా. లారీలో వెళ్లాల్సింది. నీ వాకిట్లో నువ్వెందుకు చింపావు? చదివి ఉంటే బాగుండేది. చచ్చిపోయిన అతని తండ్రి మోకాళ్ల నొప్పి మే నెలలో అడిగేదానివి కాదు.”

రాఘవమ్మ గుంజకి చేరగిలబడింది. దేవమణి లేచి తీగ దింపింది. గుచ్చిన ఉత్తరాలు వరసగా తిరగేసింది. వీరరాఘవయ్యకి, ప్రమీలారాణి రాసినది, మార్చి. మామగారికి మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉంది. ఆ కింద ఆశీర్వాదానికి, పున్నమ్మ రాయించినది. తర్వాత ఇంకొకరికి. ఇంకొకరికి. ఎనిమిది పేర్లు. తొమ్మిదో పేరు లేదు. బతికున్న పదకొండు మంది ఉత్తరాలు లారీ ఎక్కాయి. వీళ్లవి ఈ తీగకే మిగిలాయి.

“మూడు మాటలూ ఎక్కడ నేర్చుకున్నావు?”

“వాళ్ల కార్డుల్లోవేనండి.” రాఘవమ్మ తల దించుకునే చెప్పింది. “లారీలో వచ్చినయ్యన్నీ నా చేతి మీదగానే పోస్టుకెళ్తాయిగా. కొబ్బరినీళ్లన్నది మా తమ్ముడు రాయించిన మాట. కూడు మానకండి అని ఆశీర్వాదం అంటాడు. ఎవరి మాటలు వాళ్లకి రాసే ఓపిక లేక... అందరికీ అన్నీ రాసేశా.”

“మనిషిని పంపమన్నది?”

“అది ఆయన రాయించారు.”

“ఎప్పుడు జరిగింది?”

“ఫిబ్రవరి పంతొమ్మిది, బేస్తవారం. బండ కింద నీడకి కూర్చుని అన్నాలు తింటున్నారంట. బండ విరిగి మీద పడింది. ఎనిమిది మందే ఆ క్వారీలో. మిగతావాళ్లని ముందే వేరేచోటికి మార్చారు. బయటికి పొక్కితే ఈ పక్క నుంచి ఒక్కడూ పనికి రాడని అక్కడి కంట్రాక్టరు ఈయన నోరు మూయించాడు. ఈయన వచ్చి నాకు చెప్పేసరికి పదిరోజులు పట్టింది.”

“అప్పుడే చెప్పాల్సింది.”

“ఎవరికి చెప్పమంటారు?” రాఘవమ్మ మొదటిసారి తలెత్తింది. “చందర్లపాడు వెళ్లా, మా అమ్మకి చెబుదామనే. వెళ్లేసరికి వాడి పాత కార్డు గుండెల మీద పెట్టుకుని పడుకునుంది. లేచి, ఏమే, తమ్ముడు రాశాడా అంది. రాశాడన్నా. ఇంటికొచ్చి రాశా. మొదటి ఉత్తరం మా అమ్మకేనండి. అది చూసి ఆయనకి బుద్ధి పుట్టింది. మిగతా ఏడిళ్లకీ రాయమన్నారు.”

దేవమణికి తిట్టాలనిపించింది. కత్తెర జారలేదు. ఆ సంతోషం కూడా నాలిక మీద చేదుగానే ఉంది.

“లే. నాతో రా. అయిదింటికి ఇంకొందరు ఎక్కుతున్నారు.”

“అయిదింటికి కాదండి,” అంది రాఘవమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. “పోలీసులు కార్డులు పోగుచేశారని తెలిసి పొద్దున్నే ముందుకి మార్చారు. మూడున్నరకే వెళ్లిపోతుంది.”

గోడ గడియారంలో ఒకటీ నలభై అయింది.

*

రెండూ నలభైకి ఆ తీగ భవానీప్రసాద్ బల్ల మీద పడింది. అతను మూడు ఉత్తరాలు చదివాడు. నాలుగోది చదవలేదు. రాఘవమ్మ వైపు చూశాడు.

“నీ తమ్ముడు కూడానా?”

ఆమె తలూపింది.

అతను టోపీ అందుకున్నాడు. “జీపు తియ్యండిరా.” గుమ్మం దాటాక దేవమణితో, మొహం చూడకుండా అన్నాడు. “మీ దబ్బనం ఎనిమిదో వాణ్ణి రాల్చకపోతే ఈ ఇంటికి వెళ్లేవారే కాదుగా.”

“మీరు నవ్వకపోతే కూడా వెళ్లేదాన్ని కాదు,” అంది దేవమణి.

జగ్గయ్యపేట టీకొట్టు దగ్గర జీపు ఆగేసరికి మూడూ ఇరవై ఎనిమిది. లారీ ఇంజను మోగుతోంది. వెనక తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. స్తెఫను అందరికంటే చివర, సంచి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. డ్రైవరు పక్కన నిలబడ్డ సాంబయ్య ముందు పోలీసుల్ని చూశాడు. బెదరలేదు. తర్వాత జీపులోంచి దిగుతున్న పెళ్లాన్ని చూశాడు.

“నువ్వెందుకొచ్చావే?”

“చెప్పేశా,” అంది రాఘవమ్మ.

సాంబయ్య పారిపోలేదు. టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. భవానీప్రసాద్ వెళ్లి ఇంజను ఆపించాడు.

“దిగు నాయనా,” అంది దేవమణి.

“నేను దిగను,” అన్నాడు స్తెఫను. “మీరు లేనిపోనివి పుట్టించకండి పెద్దమ్మా. మా అన్న రమ్మన్నాడు. ఇదిగో, మా అన్న రాసింది.” జేబులోంచి కార్డు తీసి పైకెత్తాడు.

రాఘవమ్మ లారీ పక్కకి వచ్చి నిలబడింది. కార్డు వైపు చూడలేదు. నేల చూస్తూ అప్పజెప్పింది.

“ప్రభువు నామమున వందనములు. ఇక్కడ నీళ్లు కొబ్బరినీళ్లల్లే ఉన్నాయి. నా దిగులు పెట్టుకుని కూడు మానకండి. తమ్ముణ్ణి పంపండి, దగ్గరుండి పని చూపిస్తా. అమ్మకి నా ముద్దులు.” ఆగింది. “ముద్దులు అన్నచోట సిరా కారింది. చూసుకో.”

స్తెఫను చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత లారీ మీంచి దిగాడు. దిగినవాడు, పట్టుకోబోయిన దేవమణి చెయ్యి విదిలించి కొట్టాడు.

“మీరు రాకుండా ఉంటే మా అన్న బతికుండేవాడు,” అన్నాడు.

ఆమె ఆ మాటకి నొచ్చుకోలేదు. అందులో అబద్ధమేమీ లేదు. పొద్దున్న ఏడున్నరకి ఆశీర్వాదం బతికే ఉన్నాడు, పచ్చడి సీసాతో సహా.

ఇంటి దగ్గర పున్నమ్మ వాకిలి ఊడుస్తోంది. మనిషి ఊరికి వెళ్లాక వెంటనే ఊడవకూడదని ఇంతసేపూ ఆగింది. చిన్నకొడుకు సంచితో సహా తిరిగి రావడం చూసింది. వెనక దేవమణినీ, ఆ వెనక పోలీసు టోపీనీ చూసింది. చీపురు పక్కన పెట్టింది.

దేవమణి దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. చేతిలో మాత్రం పొద్దున్న కత్తిరించిన అట్టకార్డు ఉంది. ఎప్పుడు సంచిలోంచి తీసిందో ఆమెకే తెలియదు.

పున్నమ్మకు చదువు రాదు. కార్డు మూల చూసింది. గుమ్మం వైపు ఓసారి వెనక్కి చూసి, తను బయటే ఉన్నదీ లేనిదీ సరిచూసుకుని, చెయ్యి చాపింది.

“అది సాక్ష్యం...” అన్నాడు భవానీప్రసాద్.

“నకలేనండి. ఇవ్వనివ్వండి,” అంది దేవమణి.

మందపాటి అట్ట. ఒక పట్టాన చిరగలేదు. పున్నమ్మ పళ్లు బిగించి రెండుగా చింపింది, నాలుగుగా చింపింది, ఎనిమిదిగా చింపింది. ముక్కలు వాకిట్లో వదిలేసి, సంచిలోంచి పైనున్న సీసా తీసి అరుగు మీద పెట్టింది.

ఆశీర్వాదం తిరిగి రాలేదు. అతనితో కలిసి ఎనిమిది మంది, 1980 ఆగస్టులో వెళ్లినవాళ్లు, 1981 ఫిబ్రవరి పంతొమ్మిది తర్వాత ఏ ఇంటికీ రాలేదు.